‘ఉండేది’: ఒక్క మాట చెక్కిన పతకం

ఒక్క మాటతో కవిత అవుతుందా అని ఎవరైనా అడిగితే నేను ఓ వెండి పతకం గురించి చెప్తాను. 1770లో ఏజియన్ తీరంలోని చెష్మే రేవులో రష్యన్లు టర్కీ నౌకాదళాన్ని తగలబెట్టారు. ఆ పోరులో ఉన్న నావికులకి రష్యా మహారాణి రెండవ కేథరీన్ ఇచ్చిన పతకం అది. ఒకవైపు ఆవిడ ముఖం. రెండోవైపు కాలిపోతున్న ఓడలు, వాటిపైన ఒకే మాట: ‘బిల్’. (మన హోటల్ బిల్లు కాదు.) రష్యన్‌లో భూతకాల క్రియ. అంటే ‘ఉండేది’.

ఏది ఉండేది? చెప్పలేదు. వాక్యంలో కర్త లేదు. ఆ జాగాలో బొమ్మ ఉంది, అదీ తగలబడుతోంది. ఇంత పొదుపుగా, ఇంత పొగరుగా శత్రువుని చెరిపేసిన వాక్యం నేనింకోటి చూళ్లేదు.

తెలుగులోకి తేవడం మాత్రం కష్టం. ‘ఇక్కడో చింతచెట్టు ఉండేది’ అన్నప్పుడు వినిపించే బెంగ నాకు ‘బిల్’లో వినపడదు. తెలంగాణ ‘ఉండె’ కొంచెం నయం. అసలు చిక్కు ఇంకోటుంది. ‘బిల్’ పుంలింగ ఏకవచనం. రష్యన్‌లో నౌకాదళం అన్న మాటా పుంలింగమే కాబట్టి అక్కడ సరిపోయింది. కానీ ఒక మగమనిషి గురించి చెప్పినా అదే మాట! ‘ఉండేది’, ‘ఉండేవాడు’ - ఏదో ఒకటి మనం ఎంచుకోవాలి. రష్యన్‌కి ఆ అవసరం లేదు.

ఇది వ్యాకరణం గొడవ కాదు. ఆ యుద్ధం మొదటిరోజే ‘యెవ్‌స్తాఫీ’ అనే రష్యన్ ఓడ మీద మండుతున్న టర్కీ ఓడ తెరచాప కొయ్య విరిగిపడింది. మందుగుండు పేలి వందలమంది రష్యన్లు చనిపోయారు. పతకం మీద ఆ ఓడ లేదు. కానీ దాన్ని ఛాతీకి తగిలించుకున్న నావికుడికి ఎవరైనా ఆ అక్షరాలు చదివి వినిపిస్తే, అతనికి ‘ఉండేవాడు’ అనే వినపడొచ్చు కదా? చెక్కించినవాళ్లు ఈ అర్థం ఉద్దేశించి ఉండరు. అయినా మాట ఒప్పుకుంటోంది, నాకది చాలు.

1907 నాటి పతకం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1905లో సుషిమా దగ్గర జపాన్ చేతిలో రష్యన్ నౌకాదళం నాశనమైంది, ఐదువేలమంది దాకా పోయారు. బతికి బయటపడ్డవాళ్లకి కంచు పతకం ఇచ్చారు. దాని పేరేంటో తెలుసా? అడ్మిరల్ రొజెస్ట్‌వెన్‌స్కీ దళం దూరప్రాచ్యానికి చేసిన ‘ప్రయాణం’ జ్ఞాపకార్థం! యుద్ధం ఊసే లేదు. క్రాష్ అయిన రిలీజ్ గురించి మేం రాసే రిపోర్టులు గుర్తొచ్చాయి. పతకం మీద శిలువ, లంగరు, 1904, 1905. అంతే. ఈసారి క్రియ కూడా తీసేశారు.