కాగితము లేని ఇల్లు: యంత్రము చెప్పు ‘లేదు’

ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, బీమా పత్రములు, పిల్లల మార్కుల జాబితాలు - వీనిని వెనుకటివారు ఇనుపతీగకు గుచ్చియో, మూటగట్టి ట్రంకుపెట్టెలో పెట్టియో దాచెడివారు. ఒక్క రసీదు కావలసినను మూటనంతయు విప్పవలసి వచ్చెడిది. ఇంటి నుండియే ఉద్యోగము చేయువారు పెరిగిన ఈ కాలమున ఆ మూటను కంప్యూటరులోనికి మార్చు సాఫ్ట్‌వేరులు కొన్ని వెలసినవి. వానిలో ‘పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్’ ఒకటి. దీనిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. దీని గుణదోషములు రెండును విచారింపదగినవే.

ముందుగా ఇది పనిచేయు విధము. స్కానరు కాగితమునకు చిత్రము తీయును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున తీసినచో ఒక ఏ4 పుటలో సుమారు 87 లక్షల చుక్కలుండును. అప్పటికి కంప్యూటరునకు అది బొమ్మయే కాని వ్రాత కాదు. బొమ్మలో ‘పన్ను’ అను మాటను వెదకుట కుదరదు. చుక్కల గుంపులలో అక్షరములను గుర్తించు పనిని ‘టెసరాక్ట్’ అను మరియొక ప్రోగ్రాము చేయును. ఇది 1985-1994 నడుమ హ్యూలెట్-ప్యాకార్డు సంస్థలో రూపొంది, 2005లో అందరికిని అందుబాటులోనికి వచ్చినది. గుర్తించిన మాటలతో, గ్రంథము చివర నుండు పదసూచిక వంటి సూచిక తయారగును.

దీని గుణములు స్పష్టమైనవే. ట్రంకుపెట్టెలో ఒక కాగితము ఒక్క చోటనే ఉండగలదు. ఇక్కడ ఒకే రసీదుకు ‘ఇల్లు’, ‘మరమ్మతు’, ‘ఆదాయపు పన్ను’ అని మూడు చీటీలు తగిలించి, మూడు దారులలో దానిని చేరవచ్చును. అసలు ఫైలును మార్పక భద్రపరచి, దీర్ఘకాలము నిలుచుటకై ఏర్పడిన పీడీఎఫ్-ఏ రూపమున వేరొక ప్రతిని చేయుట మెచ్చదగినది.

చిక్కంతయు అక్షరముల గుర్తింపులో నున్నది. అమర్చినది అమర్చినట్లు వాడినచో ఇది ఇంగ్లీషు కాగితములను చదువుటకే సిద్ధముగా నుండును. తెలుగును విడిగా చేర్చవలెను. చేర్చినను మన లిపి యంత్రమునకు సులభము కాదు. వత్తులు పంక్తికి క్రింద చేరును. ‘ద’కును ‘ధ’కును భేదము అడుగున నున్న చిన్న గీటు మాత్రమే. మసకబారిన రసీదులో ఆ గీటు కనబడక ‘ధర’ కాస్తా ‘దర’గా నమోదైనచో, ‘ధర’ అని వెదకువానికి ఆ రసీదు దొరకకపోవచ్చును. ఇక చేతివ్రాత సంగతి చెప్పనక్కరలేదు. టెసరాక్ట్ అచ్చు అక్షరములకై ఏర్పడినది.

విద్యార్థులు గ్రహింపవలసిన సూక్ష్మ మిచటనే యున్నది. యంత్రము ‘లేదు’ అనినచో కాగితము లేదని అర్థము కాదు. ఆ అక్షరముల వరుస సూచికలో లేదని మాత్రమే అర్థము. ఈ రెంటికి గల తేడా తెలియనివాడు ఉన్న రసీదును లేదనుకొని పన్ను రెండవమారు కట్టును. కావున పంపినవారి పేరు, తేది, పత్రము రకము - ఈ మూడింటిని చేతితో సరిచూచుట మానరాదు.

మరి రెండు జాగ్రత్తలు. పత్రములను ఇది రహస్యలిపిలోనికి మార్చదు. నమ్మదగని కంప్యూటరులో దీనిని నడుపరాదని దీని కర్తలే హెచ్చరించినారు. రెండవది, చిత్రము తీసినంత మాత్రమున ప్రతి కాగితమును చింపివేయరాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము వీలునామాకు వర్తించదు. సంతకముతో నున్న వీలునామా కాగితముగనే ఉండవలెను.

పాఠశాలలో దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. పది తెలుగు రసీదులను స్కాను చేసి, ఒక్కొక్క దానినుండి ఒక మాటను ఎన్నుకొని వెదకవలెను. ఎన్ని దొరికినవో, దొరకనివానిలో ఏ అక్షరము తప్పినదో పట్టికగా వ్రాయవలెను. ఆ పట్టికను చూచిన పిదపనే, ట్రంకుపెట్టెను ఎంతవరకు ఖాళీ చేయవచ్చునో నిర్ణయించుట మంచిది.