రెండు ఫంక్షన్లు, ఆరు గడులు
కంప్యూటరు నిద్రించునపుడు పరికరమును ఆపి, లేచినపుడు మరల నడిపించుట డ్రైవరు పని. ఇందుకై లినక్సు కెర్నెలులోని పట్టికలో 23 గడులు కలవు. కొత్తవారు బెదరుట సహజమే. డ్రైవరు రెండే ఫంక్షన్లు ఇచ్చినచో ఆరు గడులను నింపు మాక్రో ఒకటి కల్పించిరి. నిద్రసౌకర్యము లేని కెర్నెలులలో ఆ ఫంక్షన్లను కంపైలరే తొలగించునట్లు 2022లో వెలువడిన 5.17లో దానిని సవరించిరి.

ఇది మెచ్చదగిన పనియే. కాని హైబర్నేషను సంగతి వేరు. మెమరీ నకలు తీయుటకు ముందు పరికరము పని ఆపిన చాలును, విద్యుత్తు తగ్గించనక్కరలేదు. ఒకే ఫంక్షను రెంటికిని వాడుటచే అది ఊరక నిద్రించి, నకలును డిస్కుపై వ్రాయుటకై వెంటనే లేవవలసి వచ్చును. అంతకన్న పెద్ద చిక్కు మరల మొదలిడునపుడు కలుగును. అప్పటికి విద్యుత్తు పూర్తిగా పోయి, నకలును చదువు మరొక కెర్నెలు ఆ పరికరమును తాకియుండవచ్చును. రిజిస్టర్లలో పాత విలువలు నిలిచియున్నవని నమ్మిన డ్రైవరు అచ్చట దెబ్బతినును. వాటిని తానే భద్రపరచి తిరిగి వ్రాయు డ్రైవరుకే ఈ మాక్రో తగును.