ఆపలేదంటే ఒప్పుకున్నట్టు కాదు

డేటాబేస్ నేర్చుకునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, ఒరాకిల్ నా లాప్‌టాప్‌లో వేసుకుంటే డబ్బు కట్టాలా?" నేర్చుకోవడానికైతే అక్కర్లేదు. అయితే దాంతో ఏం పని చేయబోతున్నావన్నది ముందు తేల్చుకోమంటాను. ఈ లైసెన్సుల్లో ధర సంగతి ఆ తర్వాతే.

ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లైసెన్స్ కీ అడగదు, గడువు తీరి ఆగిపోదు. డౌన్‌లోడ్‌కి ముందు మనం టిక్కు పెట్టే ఒప్పందం మాత్రం ప్రోగ్రాములు రాసుకుని పరీక్షించుకోవడం వరకే ఒప్పుకుంటుంది. అదే లాప్‌టాప్‌లో మామయ్యగారి మందుల షాపు లెక్కలు ఎక్కిస్తే గీత దాటినట్టే. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ కూడా అంతే: 2016 నుంచి ఉచితం, ఫీచర్లన్నీ ఉంటాయి, వ్యాపారం నడపడానికి మాత్రం అనుమతి లేదు. షాపుకి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వాడుకోవచ్చు. ఒక్కో డేటాబేస్‌కి హద్దు 2022 వెర్షన్ వరకు 10 జీబీ ఉండేది, 2025 వెర్షన్‌లో 50 జీబీ. చిన్న షాపు బిల్లులకి అది ఏళ్ల తరబడి సరిపోతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఒరాకిల్‌లోని ఏడబ్ల్యూఆర్ రిపోర్టు. డేటాబేస్ ఎందుకు నెమ్మదించిందో గంటల వారీగా చూపించే అద్భుతమైన పనిముట్టు అది. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో పాటే వచ్చేస్తుంది, తెరిచే ఉంటుంది. కానీ దాన్ని వాడాలంటే డయాగ్నస్టిక్స్ ప్యాక్ విడిగా కొనాలి. కొనకపోయినా రిపోర్టు వస్తుంది, హెచ్చరిక రాదు. వాడకం మాత్రం డీబీఏ ఫీచర్ యూసేజ్ స్టాటిస్టిక్స్ అనే వ్యూలో నమోదవుతుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు చూసేవాటిలో అదొకటి. ఇంట్లో ఈ రిపోర్టు తీయడం అలవాటైన కుర్రాడు ఉద్యోగంలో చేరగానే అదే కమాండ్ కొడతాడు. బిల్లు కంపెనీకి, మాట అతనికి. అందుకే నా క్లాసులో ఏడబ్ల్యూఆర్ కన్నా ముందు ఆ వ్యూ తెరిపిస్తాను. అమీర్‌పేటలో ఒరాకిల్ చెప్పే ప్రతి చోటా ఈ పని జరగాలని నా కోరిక.

సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముదామనుకునేవాళ్ల లెక్క వేరు. మైఎస్‌క్యూఎల్‌ని మీ సర్వర్‌లోనే నడుపుకుంటే చిక్కు లేదు. మీ ప్రోగ్రాంతో కలిపి ఇతరులకిస్తే మాత్రం జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు చదవాలి, కోడ్ బయటపెట్టడం ఇష్టం లేకపోతే ఒరాకిల్ దగ్గర వాణిజ్య లైసెన్స్ కొనాల్సి రావచ్చు. పోస్ట్‌గ్రెస్‌కి ఆ బెడద లేదు, కాపీరైట్ నోటీసు తీసేయకుండా ఉంచితే చాలు. ఇలా అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు మొదటి టేబుల్ కట్టక ముందే నన్ను అడిగితే పోస్ట్‌గ్రెస్‌తోనే మొదలుపెట్టమంటాను.