ఏడుపు ఆగాకే కిడ్నీ డాప్లర్

పిల్లల డాక్టరు చీటీ మీద ఒక్క లైను రాసి పంపుతారు: ‘రీనల్ డాప్లర్, రిఫ్లక్స్ కేసు’. స్కానింగ్ మెషిన్ దగ్గర కూర్చునే మాకు ఆ లైను వెనక అసలు పని ఏమిటో తెలుసు. ముందు బిడ్డ ఏడుపు మానాలి. ఏడుస్తున్నంతసేపూ పొట్ట బిగుసుకుంటుంది, కిడ్నీ ఊపిరితో పాటు పైకీ కిందికీ జారుతుంది, తెర మీద ఎరుపూ నీలమూ కలగాపులగంగా పొంగుతాయి. అందులో రక్తం ఏదో, కదలిక ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అయినా మెషిన్ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె రిపోర్టులోకి ఎక్కి, ఫైల్లో కూర్చుని, ఏళ్ల తరబడి ఆ పిల్ల వెంట తిరుగుతుంది. ఈ వారం ఆ అంకె గురించే రాస్తున్నాను.

కిడ్నీలో తయారైన మూత్రం యురేటర్ అనే సన్నని గొట్టం గుండా మూత్రాశయంలోకి దిగుతుంది. ఆ గొట్టం మూత్రాశయం గోడలోకి సూటిగా గుచ్చుకోదు. ఏటవాలుగా, గోడ పొరల మధ్య కొంత దూరం నడిచి అప్పుడు లోపల తెరుచుకుంటుంది. పిల్ల ఒంటేలుకు కూర్చున్నప్పుడు లోపలి ఒత్తిడికి ఆ ఏటవాలు భాగం నొక్కుకుపోయి, తోటకు నీళ్లు పెట్టే పైపు మీద కాలు వేసినట్టు, వెనక్కి వెళ్లే దారి మూసుకుంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ భాగం పొట్టిగా ఉంటుంది. మూత్రం వెనక్కి ఎగదన్నుతుంది. దీన్నే రిఫ్లక్స్ అంటాం. యురేటర్‌లోకి మాత్రమే ఎక్కితే ఒకటో గ్రేడు. యురేటర్ మెలికలు తిరిగిపోయి, కిడ్నీ లోపలి గదులన్నీ ఉబ్బిపోతే ఐదో గ్రేడు. చిన్న గ్రేడులు చాలామందిలో వయసు పెరిగేకొద్దీ వాటంతటవే పోతాయి. ఈ మాట తల్లులకు అన్నిటికంటే ముందు చెప్పాలి. రిఫ్లక్స్ అన్న పేరు వినగానే వాళ్లు ఆపరేషన్ దాకా ఊహించుకుంటారు.

భయం ఉన్నదల్లా రిఫ్లక్స్‌కు ఇన్ఫెక్షన్ తోడైనప్పుడే. కిడ్నీల మీద కనిపించే మచ్చలకూ, వెనక్కి తన్నే మూత్రానికీ సంబంధం ఉందని 1960లో హాడ్సన్, ఎడ్వర్డ్స్ చూపించారు. ఆ మచ్చలు కిడ్నీ పై కొసనా, కింది కొసనా ఎందుకు ఎక్కువగా పడతాయన్నది 1970లలో రాన్స్‌లీ, రిస్డన్ పంది కిడ్నీల మీద చేసిన పనితో తేలింది. మూత్రం బయటికి వచ్చే మొనలు ఆ కొసల్లో కొన్ని జంటలుగా అతుక్కుని ఉంటాయి. వాటి నోళ్లు ఒత్తిడికి సరిగా మూసుకోవు. క్రిములతో నిండిన మూత్రం అక్కణ్నుంచే కిడ్నీ కండలోకి చొరబడుతుంది. మచ్చ పడిన చోట రక్తనాళాలు ఇరుకైపోతాయి. తనకు రక్తం చాలడం లేదని కిడ్నీ రెనిన్ అనే రసాయనం వదులుతుంది, బీపీ పెరుగుతుంది. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అంత రక్తం తాగే అవయవంలో చిన్న మూల ఎండినా తేలిగ్గా తీసుకోలేం.

ఆ మూలను సూది గుచ్చకుండా, ఎక్స్‌రే వాడకుండా చూడగలగడం డాప్లర్ వల్లే. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో, దగ్గరికొచ్చేదాని అలలూ దూరమయ్యేదాని అలలూ వేరుగా అందుతాయన్న సూత్రం చెప్పింది జంట నక్షత్రాల రంగుల గురించి. మూడేళ్లకు నెదర్లాండ్స్‌లో బైస్ బాలట్ దాన్ని శబ్దంతో పరీక్షించాడు. రైలు మీద బాకాలు ఊదేవాళ్లను కూర్చోబెట్టి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్లను నిలబెట్టి, దగ్గరికొస్తుంటే స్వరం ఎంత హెచ్చిందో, దూరమవుతుంటే ఎంత తగ్గిందో విని చెప్పమన్నాడు. మా గదిలో ఆ రైలు స్థానంలో ఎర్రరక్తకణాలు ఉంటాయి. తెర మీద అలలు కనిపిస్తాయి, స్పీకర్ పెడితే కిడ్నీలోకి రక్తం దూసుకుపోయే ‘హుష్ హుష్’ శబ్దం కూడా వినిపిస్తుంది. తమ్ముడిని తీసుకొచ్చిన అక్కలు ఆ శబ్దం వినడానికి మెషిన్ దగ్గరికి జరుగుతారు. నేను ఎప్పుడూ వద్దనను.

ఇక అంకె. దీని పేరు రెసిస్టివ్ ఇండెక్స్, మేం ఆర్ఐ అంటాం. 1974లో ఫ్రాన్స్‌కు చెందిన పూర్సెలో ప్రతిపాదించాడు. గుండె కొట్టినప్పుడు రక్తం వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు, మళ్లీ కొట్టేముందు 14 అనుకోండి. తేడా 26. దాన్ని 40తో భాగిస్తే 0.65. ఇందులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. అసలు వేగం కొలవాలంటే ఒంటికి ఆనించే ప్రోబ్‌కూ రక్తనాళానికీ మధ్య కోణం సరిగ్గా తెలియాలి, 60 డిగ్రీలు దాటకూడదు. కిడ్నీ లోపల నూలుపోగంత నాళాల దగ్గర ఆ కోణం పట్టుకోవడం కష్టం. ఇది నిష్పత్తి కాబట్టి కోణం తప్పు పైనా కిందా కొట్టుకుపోతుంది. లోపలి నాళాలు బిగుసుకుంటున్నకొద్దీ ఆర్ఐ పెరుగుతుంది.

పెద్దవాళ్లకు 0.70 దాటితే ఎక్కువ అంటాం. ఈ గీతను పసిపిల్లలకు వర్తింపజేయడమే నాకు బాధ కలిగించే విషయం. మొదటి ఏడాదిలో 0.70 దాటడం మామూలే. నాలుగైదేళ్లు వచ్చేసరికి గానీ పెద్దవాళ్ల అంకెలకు చేరదు. ఆరు నెలల బాబు రిపోర్టులో ‘ఆర్ఐ పెరిగింది’ అని ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంటే, ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. పైగా ఆ అంకె స్థిరంగా ఉండేది కాదు. గుండె వేగంగా కొట్టుకుంటే రక్తం వేగం పూర్తిగా పడిపోకముందే తర్వాతి అల వచ్చేస్తుంది, ఆర్ఐ తగ్గి కనిపిస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే పెరుగుతుంది. మూత్రాశయం నిండిపోయి ఉంటే, అందులోనూ రిఫ్లక్స్ ఉన్న పిల్లలకు, ఆ ఒత్తిడి పైన కిడ్నీ దాకా పాకుతుంది. గుక్కపెట్టి ఏడిస్తే అల ఆకారమే మారిపోతుంది.

అందుకే పిల్లల్ని పరగడుపున రమ్మనడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ల కిడ్నీలు వెనకనుంచి చక్కగా కనిపిస్తాయి, పేగుల్లోని గాలి అడ్డురాదు. పాలు తాగి వచ్చిన బిడ్డ నిద్రపోతాడు, నీరసపడని ఒళ్లు నిజమైన అంకె చెబుతుంది. మొన్న ఒక నాలుగేళ్ల పాప వచ్చింది. ఎడమ కిడ్నీ కుడిదానికంటే చిన్నది, రెండుసార్లు జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. బల్ల చూడగానే అమ్మమ్మ చీర కుచ్చిళ్లలో దూరింది. ‘‘ఇందులో కరెంటు ఏమైనా ఉంటదా డాక్టరమ్మా? ఎన్నిసార్లు తీస్తారు, పిల్లకేమీ కాదా?’’ అని ఆవిడ అడిగింది. ‘‘రేడియేషన్ లేదు పెద్దమ్మా, శబ్దమే. నువ్వే ఎత్తుకుని కూర్చో’’ అన్నాను. ముందు ఒంటేలుకు తీసుకెళ్లి రమ్మన్నాం. జెల్ సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టాం. పాప అమ్మమ్మ భుజం మీద తల వాల్చాక వీపు మీద ప్రోబ్ ఆనించాను. కుడి కిడ్నీలో రంగు అంచు దాకా పాకింది. ఎడమ దాంట్లో కింద అంతా బాగుంది. పై కొస దగ్గర అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది, అక్కడికి రంగు చేరలేదు. మెషిన్ సెట్టింగ్ తగ్గించి నెమ్మది ప్రవాహాన్ని వెతికాను. పవర్ డాప్లర్ పెట్టాను. పాప కదలకుండా ఉంది కాబట్టే అది సాధ్యమైంది, లేకపోతే తెర అంతా నారింజ రంగు మరకే. అప్పటికీ ఆ కొస నల్లగానే ఉంది.

అలాగని అది మచ్చేనని డాప్లర్ ఒక్కదాన్ని పట్టుకుని తేల్చలేం. మచ్చలు చూపించడంలో రేడియోధార్మిక టెక్నీషియంతో చేసే డీఎంఎస్ఏ స్కాన్‌దే పైచేయి. రిఫ్లక్స్ ఉందా లేదా అన్నదీ డాప్లర్ చెప్పదు. దానికి కెథటర్ పెట్టి మందు ఎక్కించి, పిల్ల ఒంటేలు పోస్తుండగా ఎక్స్‌రేలో చూసే ఎంసీయూ కావాలి. ఆ పరీక్షనే ఎక్స్‌రే లేకుండా, సూక్ష్మ బుడగల మందుతో అల్ట్రాసౌండ్‌లో చేసే పద్ధతీ ఉంది. ఆ మందుకు అమెరికాలో 2016లో పిల్లల రిఫ్లక్స్ కోసం అనుమతి వచ్చింది. కెథటర్ బాధ మాత్రం అందులోనూ తప్పదు. కిడ్నీ స్కానింగ్ నార్మల్‌గా ఉన్న పిల్లల్లో కూడా రిఫ్లక్స్ ఉండొచ్చు. ‘స్కానింగ్ బాగుంది, ఇక భయం లేదు’ అని ఇంటికి పంపించేయడం, జ్వరం మళ్లీ వస్తే యూరిన్ కల్చర్ చేయించకుండా సిరప్ పోసి ఊరుకోవడం నేను చాలా చూశాను. వద్దని గట్టిగా చెబుతున్నాను.

మరి డాప్లర్ దేనికి? పోల్చడానికి. అదే బిడ్డకు, అదే స్థితిలో, ఎడమకూ కుడికీ, నిరుటికీ ఈ ఏటికీ. రేడియేషన్ లేదు కాబట్టి ఎన్నిసార్లయినా చూడొచ్చు. ఒక కిడ్నీ పెరుగుతూ రెండోది ఆగిపోతే, ఒక వైపు అల మారుతూ వస్తే, డీఎంఎస్ఏ ఎప్పుడు చేయించాలో నిర్ణయించుకోవడానికి అది ఆధారం. పోలిక నిలబడాలంటే రిపోర్టులో అంకె పక్కన నాలుగు మాటలు ఉండాలి: వయసు, గుండె వేగం, ఒంటేలు పోశాక తీశామా ముందా, బిడ్డ నిద్రలో ఉందా ఏడుస్తోందా. కొలవడం కుదరకపోతే కుదరలేదనే రాయాలి. ‘బిడ్డ సహకరించలేదు, ఇంకో రోజు రమ్మన్నాం’ అని రాసిన రిపోర్టు, ఏడుపు మధ్య లాగిన 0.78 కంటే ఎంతో విలువైనది. రద్దీగా ఉండే సెంటర్లలో ఒక్కో పిల్లకు ఇంత సమయం ఇవ్వడం కష్టమని నాకు తెలుసు. అయినా పిల్లల డాప్లర్‌లకు వేరే పూట కేటాయించడం సాధ్యమే.

ఈ పరీక్షకు వచ్చే అమ్మానాన్నలు పాత ఫిల్ములూ రిపోర్టులూ అన్నీ వెంట తెచ్చుకోవాలి, సారాంశం చీటీ సరిపోదు. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బీపీ చూడమని అడగాలి. కిడ్నీ సమస్య ఉన్న పిల్లలకు మూడేళ్లు నిండేదాకా ఆగక్కర్లేదు. చేతికి సరిపోయే చిన్న పట్టీతో, కాసేపు కూర్చోబెట్టాకే చూడాలి. పెద్దవాళ్ల పట్టీ చుడితే ఉన్న బీపీ తక్కువగా కనిపిస్తుంది.