పచ్చని నేల, నలుపు తెలుపు రీలు

వరిచేను, అరటితోట, కొబ్బరాకు. కంటికి ఇవి మూడు రకాల పచ్చదనాలు, నలుపు తెలుపు ఫిల్ముకి మూడూ ఇంచుమించు ఒకే బూడిదరంగు. అలాంటి రీలు పట్టుకుని కోనసీమ వెళ్ళడమేమిటని ఇంట్లోవాళ్ళు అడిగారు. చాలా ఏళ్ళుగా బీరువాలో ఉన్న యాషికా కెమెరా బయటికి తీసి, రీలుకి 12 బొమ్మల లెక్కన పొదుపుగా వాడుకుంటూ ఈ సంక్రాంతికి అమలాపురం చుట్టుపక్కల తిరిగాను. కోనసీమ రంగు ఫోటోల్లో ముందు పచ్చదనమే వచ్చి కూర్చుంటుంది, దాని కింద ఒళ్ళు వంచిన మనిషి ఎప్పుడూ వెనకబడతాడు. ఆ మనిషి కోసమే నేను మళ్ళీ నలుపు తెలుపుకి వచ్చాను.

అంబాజీపేటలో కొబ్బరి వలుపు చూడండి. నేలలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చి ఒక్క మెలి తిప్పితే డొక్క ఊడి వస్తుంది. రంగులో తీస్తే చూపు వెనకున్న తోట మీదికి పోతుంది. నలుపు తెలుపులో మిగిలేది ముంజేతి నరం, చెమట మెరుపు, పీచు పోగు. ఆకుపచ్చ ఫిల్టరు బిగిస్తే వెనక ఆకులు తెల్లబడి, ముందున్న మనిషి ఇంకా స్పష్టంగా విడివడతాడు. యాషికాలో తల వంచి పైనుంచి చూస్తాం కాబట్టి ఎదుటివాళ్ళ మొహంలోకి కెమెరా గురిపెట్టినట్టుండదు. కోటిపల్లి రేవు దాటించే పంటు మీద ఎవరూ బిగుసుకుపోకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

ఈ నేలకి నలుపు తెలుపు కొత్తేమీ కాదు. 1967లో బాపు తన మొదటి సినిమా 'సాక్షి'ని ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీశారు. కృష్ణ, విజయనిర్మల నటించిన ఆ సినిమాకి సెట్లు లేవు, ఊరే సెట్టు. బాపు గీత మనిషి. నల్ల సిరాతో ప్రపంచాన్ని గీసినవాడికి రంగు లేకపోవడం లోటుగా తోచి ఉండదు. ఆ ఇళ్ళు, రేవు, జనం ఈరోజు చూసినా సినిమాలో పాత్రల్లాగే నిలబడతాయి.

రీలు కడగడం దగ్గరికొస్తే కోనసీమ నీళ్ళ గురించి చెప్పాలి. డెవలపర్‌కి 20 డిగ్రీలు ప్రమాణం. అంతకన్నా వేడెక్కితే పని వేగంగా జరిగిపోతుంది, టైము తగ్గించకపోతే నెగటివ్ మరీ నల్లబడుతుంది. కొత్తపేటలో బంధువుల ఇంట రాత్రిపూట స్నానాలగదిలో, స్టీలు బేసిన్లో ఐసుముక్కలు వేసి, డీ-76 డెవలపర్ సీసా అందులో నిలబెట్టి కడిగాను. హైపో వాసనకి మా పిన్ని లేచొచ్చి, "చిన్నప్పుడు స్టూడియోలో ఇదే వాసనరా" అంది. అంతర్వేది వైపు వెళితే బోరునీళ్ళు ఉప్పు. ఆఖరి కడుగుకి తాగేనీళ్ళ టిన్ను కొనుక్కోవాల్సిందే.

పిన్ని చెప్పిన ఆ స్టూడియోలకి ఈ సీమ బతుకులో పెద్ద పాత్రే ఉంది. రాజోలు ప్రాంతం నుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళెందరో ముందుగా కూర్చున్నది పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూడియో బల్ల మీదే. ఊటీలో తయారైన 'ఇందు' ఫిల్మూ కాగితమూ మన స్టూడియోల్లో బాగా వాడేవారు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. పాత స్టూడియోల్లో నంబర్లు వేసి దాచిన నెగటివ్‌లు ఏ అటక మీదైనా మిగిలుంటే, దయచేసి పారేయకండి. ఊరి మొహాలన్నీ వాటిలో ఉన్నాయి.

కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి వెళ్ళాను. రంగుగుడ్డలు కట్టిన గంగలకుర్రు వెదురు ప్రభల్ని భుజాన మోస్తూ కౌశిక నది నీళ్ళలోకి దిగి దాటేవాళ్ళు "అశ్శరభ" అని అరుస్తుంటే ఒక రీలంతా వాళ్ళ మీదే ఖర్చుచేశాను. గట్టెక్కాక ఓ కుర్రాడు కెమెరా వెనక్కొచ్చి, "ఏదండీ, చూపించండి" అన్నాడు.

"రీలు బాబూ, కడగాలి."

"ఆయ్, అయితే అడ్రసు రాసుకోండి. పంపాలి మరి."

రాసుకున్నాను. కడిగి చూస్తే ఆ కుర్రాడి మెడ మీద బరువు, నీటి గీత, బిగిసిన దవడ అన్నీ వచ్చాయి. ప్రభలు మాత్రం రాలేదు. ఆ గుడ్డల రంగులే వాటి ప్రాణం, బూడిదరంగులో అవి ఉత్త వెదురు చట్రాలైపోయాయి. మోసినవాళ్ళ ప్రింట్లు ఈ వారం గంగలకుర్రుకి పంపుతున్నాను. వచ్చే కనుమకి ప్రభల కోసం విడిగా రంగు రీలు పట్టుకెళతాను.