కొయ్య మోసే ఇల్లు

సోమల చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా అక్కడక్కడా మట్టిమిద్దెలు నిలబడి ఉన్నాయి. వీధిలోంచి చూస్తే మూరెడు మందం గోడలే కనబడతాయి. లోపలికి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. రాతి దిమ్మెల మీద కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, ఆపైన పుల్లలు, మట్టి, అన్నిటికీ పైన నీళ్లు దిగకుండా చౌడు. అంచుల్లో గోడలూ కొంత పంచుకుంటాయి గానీ, నడిమింటి బరువంతా కొయ్యదే.

ఇలా కొయ్య మోసే ఇళ్లు వేరే చోట్లా ఉన్నాయి. ఇంగ్లండులోని చెషైర్‌లో లిటిల్ మోర్టన్ హాల్ అని ఒక భూస్వామి ఇల్లుంది. 1504 ప్రాంతంలో మొదలుపెట్టి వందేళ్ల పాటు కట్టుకుంటూ పోయారు. ఓక్ కొయ్యల చట్రం, అతుకుల దగ్గర చెక్క చీలలు, మధ్య ఖాళీల్లో తడికె అల్లి మట్టి మెత్తడం. ఈ చివరి పని మనకెవరూ నేర్పక్కర్లేదు. తర్వాత ముచ్చటపడి పైన ఒక పొడవాటి హాలు ఎక్కించి, రాతి పలకల కప్పు వేశారు. ఆ బరువుకు కింది అంతస్తులు వంగిపోయాయి. ఫొటోల్లో ఇల్లు తాగి నిలబడ్డట్టే ఉంటుంది. పడలేదు మాత్రం. 1938 నుంచి నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది.

మన మిద్దెలకూ నెత్తిమీద బరువే గండం. వానలకు ముందు కొత్త చౌడు పోయడం రివాజు. పాతది గీకి తీసి పోస్తే సరే. ఓపిక లేక దాని మీదే పోసుకుంటూ పోతే దూలం నడుము వంగుతుంది. నింద పాపం చెదల మీదకు పోతుంది.

చెదలు చేసే చెరుపు వేరు, అది కింద మొదలవుతుంది. ఒక ముసలి ఆచారి వేప స్తంభాన్ని బాడిస వెనక వైపుతో తట్టుకుంటూ రావడం చూశాను. పైనుంచి ఖంగు ఖంగుమన్న కొయ్య, రాతి దిమ్మెకు జానెడు ఎత్తున బోలుగా పలికింది. "కాలే చెడింది సామీ, మనిషి గట్టోడే" అన్నాడు. దూలానికి ఊతం పెట్టి, చెడినంత మేర కోసి, కొత్త కొయ్య అతికితే సరిపోతుందట. నాకైతే ఇంత నమ్మకమైన కట్టడం సిమెంటులో కనబడదు.

మిద్దె పడగొట్టే ఆలోచనలో ఉన్నవాళ్లకు ఒక మాట. పాత కొయ్య కొనేవాడు మంచి ధర చెప్పాడంటే మీ ఇల్లు ఇంకా గట్టిగా ఉన్నట్టే లెక్క. జేసీబీని పిలవకముందు ఒక ఆచారిని పిలిచి స్తంభాల కాళ్లు చూపించండి. పైకెక్కి మట్టి ఎంత మందం పేరుకుందో కూడా చూడమనండి.