మఠంలో వార్తలు, బావి దగ్గర సిమ్ కార్డు

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో, పూర్ క్లేర్ సన్యాసినుల మఠంలో, లండన్ గోల్డ్‌స్మిత్స్‌కు చెందిన బిల్ గేవర్ బృందం ఒక చిన్న పరికరం పెట్టింది. పేరు ప్రేయర్ కంపానియన్. దాని మీద ఇంటర్నెట్ నుంచి వచ్చే వార్తా శీర్షికలు, ముక్కూమొహం తెలియని మనుషులు తమ మనసు గురించి రాసుకున్న మాటలు సన్నటి వరసగా కదిలిపోతుండేవి. లోకానికి దూరంగా బతికే ఆ స్త్రీలకు ఈ పూట ఎవరి కోసం ప్రార్థించాలో అది గుర్తుచేసేది. వాళ్లు దాన్ని ముద్దుగా 'గోల్డీ' అని పిలుచుకున్నారని 2010లో వచ్చిన పరిశోధనా పత్రం చెబుతుంది.

దాని పక్కన మన బావుల దగ్గరి, సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్‌ను పెట్టి చూడాలి. ఈ తరహాలో పేరు తెచ్చుకున్న నానో గణేశ్‌ను పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ తయారుచేశారు. మోటారు వేయడానికి తన తాత అర్ధరాత్రి పొలానికి నడిచి వెళ్లడం ఆయన కళ్లారా చూశారు. ఇప్పుడు రైతు ఫోన్ చేస్తే కరెంటు ఉందో లేదో తెలుస్తుంది, మంచం మీది నుంచే మోటారు నడుస్తుంది.

రెండింటిలోనూ దూరాన్ని కలిపే తీగ ఒకటే. తయారుచేసినవాళ్ల చూపు మాత్రం వేరు. గేవర్ బృందం పరికరం పెట్టి ఊరుకోలేదు. సన్యాసినులు దాన్ని ఎలా చదువుతున్నారు, ఎప్పుడు పట్టించుకోవడం లేదు, దానికి ఏ అర్థం ఇస్తున్నారు అని గమనించి రాసింది. అక్కడ నమూనాయే పరిశోధన. ఓపికలో ఆ పని గొప్పది. కానీ గోల్డీ ఆగిపోతే ప్రార్థన ఆగదు. స్టార్టర్ మొరాయిస్తే మడి ఎండుతుంది. ఆ తేడాను ఏ డిజైన్ పాఠమూ చిన్నదిగా చూడకూడదు.

మన వైపు లోపించింది గమనించి రాసే పని. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఆ సమయంలోనే, కరెంటు రాగానే దానంతటదే మోటారును తిప్పే ఆటో స్టార్టర్లను తీసేయమని, భూగర్భ జలాలు అడుగంటుతాయని ప్రభుత్వం రైతులను కోరింది. రాత్రి కరెంటు కోసం పెట్టుకున్న పరికరం, పగలూ రాత్రీ కరెంటు ఉన్నచోట మరో సమస్య అయింది. రైతు దాన్ని ఎందుకు వదులుకోలేకపోయాడు? కరెంటు మళ్లీ పోతుందన్న భయమా, రాత్రి పాముల భయమా? యార్క్‌లో అడిగినంత శ్రద్ధగా బావి గట్టున కూర్చుని అడిగి ఉంటే, తర్వాతి పరికరం మరోలా పుట్టేది.

గమనించే ఓపిక, అవసరం తీర్చే పట్టుదల అనే రెండు గుణాలూ ఒకే మనిషిలో కలిసిన చోటు ఆలేరు దగ్గరి శారాజీపేట. నేతకు ముందు దారాన్ని చేత్తో చుట్టే ఆసు పోసి పోసి తల్లి లక్ష్మికి చేతులు నొప్పి పుట్టడం చూసిన చింతకింది మల్లేశం, ఏళ్లతరబడి ఒక్కో భాగాన్ని చేసి, విప్పి, మళ్లీ చేసి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని నిలబెట్టారు. దానికి నెట్ లేదు, సిమ్ లేదు. అయినా డిజైన్ పరిశోధన అంటే నా దృష్టిలో అదే.

ఇదే పద్ధతిని వాడదగ్గ మరో చోటు తెలంగాణలోని మహదేవపూర్. అక్కడ దసలి పట్టుపురుగులు మద్ది చెట్ల మీద, ఆరుబయట పెరుగుతాయి. పిట్టల నుంచి, చీమల నుంచి కాయడానికి రైతు చెట్ల కిందే ఉండాలి. అక్కడికి తేమనూ వేడినీ కొలిచి ఫోనుకు పంపే పెట్టెను తీసుకెళ్లడం ఎవరికైనా సులువే. మొదటి పంటకాలం మాత్రం అది ఏ సలహా ఇవ్వకూడదు. రైతు ఏ అంకె చూసి లేచి నడిచాడో, దేన్ని నమ్మక తన కళ్లనే నమ్ముకున్నాడో తయారీదారు పక్కనుండి రాసుకోవాలి. సలహా ఇవ్వడం మొదలుపెట్టిన పంటకు ముందే, పెట్టె మాట విని పురుగు చస్తే నష్టం ఎవరు భరిస్తారో రైతుతో తేల్చుకోవాలి.